పరీక్షలొస్తే మానని నోటిపూత

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని హుస్సేనీ ఆలం. ఇక్కడి ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మామూలుగా నోరు పూస్తే వారంలో తగ్గిపోతుంది. పరీక్షలప్పుడు మాత్రం రెండు వారాలైనా మానదు. చారన్నం తిన్నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అమ్మ వేడి చేసిందంటోంది. మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్ ఇచ్చారు. టెన్షన్ వల్ల పుండు మానకపోవడం ఉంటుందా డాక్టర్ గారూ, లేక నా భ్రమా?
- ఒక పాఠకురాలు

జవాబు: భ్రమ కాదమ్మా. నీలాంటి విద్యార్థుల నోటిలోనే దీన్ని కొలిచి చూశారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, మరోసారి పెద్ద పరీక్షకు 3 రోజుల ముందు. రోజూ ఫొటో తీశారు, గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి నురగ వస్తుందో లేదో చూశారు. నురగ ఆగితే మానినట్టు. పరీక్షలప్పటి గాయం మానడానికి సగటున 3 రోజులు, అంటే 40 శాతం ఎక్కువ పట్టింది. సెలవుల్లో మానినంత త్వరగా ఒక్కరికీ మానలేదు. 1998లో వెలువడిన ఫలితాలివి. అది చేసిన గాయం, నీది దానంతటది వచ్చిన పూత. అయినా మానే దారి చాలావరకు ఒకటే.

పుండు పడగానే ఆ చోట కాస్త వాపు రావాలి. ఆ వాపుతోనే రక్తకణాలు అక్కడికి చేరి శుభ్రం చేసి, కొత్త చర్మానికి దారి వేస్తాయి. వాటిని పిలిచే సంకేతాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఒకటి. ఆందోళనలో పెరిగే కార్టిసాల్ ఆ పిలుపును అణచేస్తుంది. దానికి తోడు నిద్ర చాలదు, చాయ్ మీదే రాత్రి గడుస్తుంది, చదువుతూ తెలియకుండానే పెదవి కొరుక్కుంటాం. నువ్వూ కొరుకుతున్నావేమో ఒకసారి గమనించుకో.

బి-కాంప్లెక్స్ లోపం ఉంటేనే పనికొస్తుంది. మాటిమాటికీ పూస్తోంది కాబట్టి హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ఫోలేట్ పరీక్షలు చేయించు. నెలసరి ఎక్కువగా అవుతుంటే ఇది మరీ ముఖ్యం. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించు. నురగ బాగా వచ్చే పేస్టుల్లోని సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదు, అది లేని పేస్టు వాడి చూడు. డాక్టర్ ట్రయామ్సినొలోన్ పూత మందు రాస్తే, పడుకునే ముందు పుండు మీది తడి అద్ది, కొంచెం మందు రుద్దకుండా ఆనించి వదిలెయ్. చాలామంది రుద్దేస్తారు, అది నిలవదు. పరీక్షల వారంలో కూడా రాత్రి నిద్ర మానొద్దు. ఇది నేను మందుతో సమానంగా రాసే మాట.

కళ్లు ఎర్రబడటం, జననాంగాల దగ్గర పుండ్లు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకు. పుండు ఏదైనా 3 వారాలు దాటిందంటే చూపించాల్సిందే. ఇంట్లో గుట్కా, జర్దా అలవాటున్న పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లకూ ఈ మాట చెప్పు. వాళ్ల విషయంలో నొప్పి లేని పుండుకే నాకు ఎక్కువ భయం. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లోనే ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. నువ్వు వెళ్లేటప్పుడు వాళ్లనూ వెంట తీసుకెళ్లు.