ప్లాస్మాకు పడు మెలిక

గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి భూములు ప్రత్తికిని, మిరపకును పేరుపొందినవి. ఆ సీమలో రాట్నము త్రిప్పి నూలు వడికినవారికి ఒక సంగతి తెలియును. తగినంత పురి యున్నచో పోగునకు బలము కలుగును. పురి మితిమీరినచో పోగు తనంతట తానే మెలికలు పడి, తుదకు తెగిపోవును. కోట్ల డిగ్రీల వేడిమిగల పదార్థమును అయస్కాంత బలముచే బంధింపబూనిన శాస్త్రజ్ఞులకును ఇట్టి చిక్కే ఎదురైనది.

సూర్యగర్భమున ఉదజని కేంద్రకములు కలిసి హీలియముగా మారుటచే అపారమైన శక్తి వెలువడుచున్నది. దీనినే కేంద్రక సంలీనమందురు. భూమిమీద దీనిని సాధించుటకు ఉదజని రూపభేదములైన డ్యుటీరియము, ట్రిటియములను సుమారు 15 కోట్ల డిగ్రీల వరకు వేడి చేయవలెను. ఇది సూర్యగర్భపు వేడిమికి పదిరెట్లు. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటినపుడే జనులు తాళజాలరు. ఇంక ఆ వేడిమిని తాళగల పాత్ర ఎక్కడ దొరకును? అయితే అంత వేడిలో పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోవును. ఆ స్థితికి ప్లాస్మా యని పేరు. దాని కణములకు విద్యుదావేశ ముండుటచే అయస్కాంత క్షేత్రము వానిని గోడలకు తగులకుండ నిలుపగలదు.

1950 ప్రాంతమున సోవియట్ శాస్త్రజ్ఞులగు ఇగోర్ టామ్, ఆండ్రీ సఖరోవ్ ఇందులకు ఉపాయము సూచించిరి. నడుమ చిల్లుగల గారెవంటి బోలు పాత్రచుట్టు తీగచుట్టల నమర్చి, లోపలి ప్లాస్మాలో గూడ విద్యుత్తును ప్రవహింపజేయుదురు. ఈ రెండింటివలన గలిగిన క్షేత్రములు కలిసి పురిత్రాటివలె పెనవేసికొనును. ఈ యంత్రమే తోకమాక్.

ప్లాస్మాలో విద్యుత్తు మితిమీరినచో క్షేత్రమునకు పురి యెక్కువై ప్లాస్మా మెలికపడును. సాంద్రత హద్దు మీరినను, గోడలనుండి మలినములు చేరి అంచు చల్లబడినను, బంధము సడలును. అపుడు ప్లాస్మా వేడిమి యంతయు సుమారొక మిల్లీసెకనులో గోడలపై పడును. వెంటనే విద్యుత్ప్రవాహమును నశించును. దీనినే ప్లాస్మా భంగమందురు. పాత్రలో ఇంధనము మిక్కిలి స్వల్పమగుటచే విస్ఫోటనము జరుగదు. కాని గోడపలకలు కరగవచ్చును, పాత్రపై గొప్ప బలములు పడవచ్చును, కాంతివేగమునకు చేరువైన ఎలక్ట్రానులు గోడను తూట్లు పొడువవచ్చును.

కళ్ళములో మిరపకాయల నారబోసిన రైతు మబ్బును చూచి పట్టాలు కప్పును. చినుకు పడినపిదప పరుగెత్తిన లాభము లేదు. అట్లే భంగమును ముందుగా పసిగట్టవలెను. పాత్రచుట్టు అమర్చిన చిన్న తీగచుట్టలు ప్లాస్మా కదలికలను కనిపెట్టుచుండును. వీనికి మిర్నోవ్ చుట్టలని పేరు. కల్లోలము పెరిగినకొలది వీనిలో సంకేతము హెచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ కల్లోలము తిరుగుట మందగించి, ఒకచోట నిలిచిపోవును. అపుడు మిర్నోవ్ చుట్టల సంకేతము అణగిపోవును. తెలియనివారు దానిని శాంతియని భ్రమింతురు. నిజమునకు అదియే పెద్ద అపాయ సూచన.

మన దేశములోనే రూపొందించి నిర్మించిన తొలి తోకమాక్ ‘ఆదిత్య’ 1989లో గాంధీనగరము చెంతనున్న ప్లాస్మా పరిశోధన సంస్థలో పనిచేయ నారంభించెను. దాని కొలతలనుండి భంగమును ముందే చెప్పగల గణనయంత్ర విధానమును గూర్చి 2000లో పరిశోధనాఫలితములు వెలువడినవి. ప్లాస్మా అంచున ఎలక్ట్రోడు నుంచి భంగమును తప్పించిన విధమును 2014లో ప్రకటించిరి. ఆదిత్య చిన్న యంత్రమగుటచే అందు భంగములను బుద్ధిపూర్వకముగ కలిగించి పరీక్షింపవచ్చును.

ఫ్రాన్సులో నిర్మాణమందున్న ఈటర్ తోకమాక్‌లో మన దేశము 2005లో భాగస్వామి యయ్యెను. అందు కోటిన్నర ఆంపియర్ల విద్యుత్తు ప్రవహింపవలెనని సంకల్పము. అంతటి యంత్రమునకు భంగములు తరచుగా కలిగిన సహింపరావు. అందుచే అపాయము తోచినంతనే, గడ్డకట్టిన నియాన్, ఉదజనుల గుళికలను పగులగొట్టి ప్లాస్మాలోనికి చిమ్మి, వేడిమిని అన్నివైపులకు సమముగ వెదజల్లు ఏర్పాటు చేయుచున్నారు. శక్తిని పుట్టించుట యొక విద్య. దానిని అదుపులో నుంచుట అంతకంటె కఠినమైన విద్య. ఈ రెండవ విద్య పూర్తిగ అలవడిననాడే సంలీనశక్తి మానవుల ఇండ్లలో దీపమై వెలుగును.