లవణముల సాక్ష్యం

పాఠ్యభాగ ఉద్దేశం:
పరిశీలనకు, నిర్ణయానికి మధ్య గల దూరాన్ని గుర్తించడం శాస్త్రీయ దృక్పథానికి పునాది. లవణాలను గుర్తించే సులభ పరీక్షల ద్వారా ఆ దృక్పథాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం:

ఉప్పు, కర్పూరం చూపునకు ఒక్కతీరుగా ఉన్నా రుచిలో వేరని వేమన లోకానికి గుర్తు చేశాడు. అయితే రసాయన ప్రయోగశాలలో రుచి చూడటం నిషిద్ధం. బేరియం క్లోరైడ్ వంటింటి ఉప్పువలెనే తెల్లగా మెరుస్తుంది. కాని అది విషం. కంటిని పూర్తిగా నమ్మరాదు, నాలుకను వాడనే రాదు. మరి లవణాన్ని గుర్తించడం ఎట్లా? దానిచేతనే సాక్ష్యం చెప్పించాలి.

ప్రతి లవణంలోను ధనావేశం గల అయాన్, ఋణావేశం గల అయాన్ ఉంటాయి. మొదటిది సాధారణంగా లోహానికి చెందినది. ఈ రెండింటిని వేర్వేరుగా గుర్తించినప్పుడే లవణం పేరు తెలుస్తుంది.

మన నేలనే ఉదాహరణగా తీసుకొందాం. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలలో ఎర్రని లాటరైట్ నేలలు కనిపిస్తాయి. యుగయుగాల వర్షాలకు శిలలలోని కాల్షియం, మెగ్నీషియం వంటివి కరిగి కొట్టుకొనిపోగా, ఇనుము, అల్యూమినియం మిగిలి ఏర్పడిన నేలలివి. ఎరుపును చూసి ఇనుము ఉన్నదని ఊహించవచ్చు. కాని ఊహ నిరూపణ కాదు. ఆ మట్టిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేసి వడగట్టాలి. వచ్చిన ద్రావణంలో కొంత భాగానికి అమ్మోనియం థయోసయనేట్ కలిపితే రక్తవర్ణం వస్తుంది. మరికొంత భాగానికి పొటాషియం ఫెర్రోసయనైడ్ కలిపితే గాఢమైన నీలిరంగు ఏర్పడుతుంది. రెండు వేర్వేరు పరీక్షలు ఒకే మాట చెప్పినప్పుడు ఇనుము ఉనికి స్థిరపడుతుంది.

అల్యూమినియం అంత సులభంగా బయటపడదు. ఇనుము రంగు దానిని కప్పివేస్తుంది. అందువలన ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడ్‌ను అధికంగా కలపాలి. ఇనుము గోధుమరంగు అవక్షేపంగా మిగులుతుంది. అల్యూమినియం కరిగి ఉంటుంది. వడగట్టిన తేటకు అమ్మోనియం క్లోరైడ్ కలిపి వేడిచేస్తే జిగురువంటి తెల్లని అవక్షేపం కనిపిస్తుంది. అదే అల్యూమినియం హైడ్రాక్సైడ్. గట్టిగా పలికేవానిని పక్కకు తప్పిస్తే గాని మెల్లగా పలికేవాని మాట వినిపించదు.

నల్లరేగడి నేలలలో దొరికే సున్నపు గడ్డపై విలీన ఆమ్లం పోస్తే బుసబుస పొంగుతుంది. వెలువడిన వాయువు సున్నపుతేటను పాలవలె తెల్లబరుస్తుంది. ఇది కార్బొనేట్ లక్షణం. అయితే సల్ఫైట్ నుండి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కూడా సున్నపుతేటను తెల్లబరుస్తుంది! ఆమ్లీకృత పొటాషియం డైక్రోమేట్‌లో తడిపిన కాగితాన్ని ఆ వాయువుకు చూపాలి. నారింజరంగు ఆకుపచ్చగా మారితే అది సల్ఫర్ డయాక్సైడ్. ఘాటైన వాసన కూడా దానికి తోడు నిలుస్తుంది.

జ్వాలా పరీక్షలోను ఇదే జాగ్రత్త అవసరం. మంటకు కాల్షియం ఇటుక ఎరుపును, బేరియం లేత ఆకుపచ్చను, పొటాషియం లేత ఊదారంగును, సోడియం బంగారు పసుపును ఇస్తాయి. సోడియం లేశమాత్రం ఉన్నా దాని పసుపు పొటాషియం వెలుగును మింగివేస్తుంది. అప్పుడు నీలి కోబాల్ట్ గాజు గుండా చూడాలి.

ఈ పసుపు కాంతి ఒకప్పుడు పండితులనే తికమకపెట్టింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలోను సూర్యుని అంచున లేచిన జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. ఆనాడు కనిపించిన పసుపు గీతను పలువురు సోడియం గీతగా భావించారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ దాని స్థానాన్ని కొలిచి, అది సోడియం గీతకు చేరువలో ఉన్నా దానితో ఏకీభవించదని గ్రహించాడు. ఆ చిన్న భేదం వెనుక ఉన్న మూలకమే హీలియం. 1895లో రామ్సే భూమిమీద దానిని ఒక యురేనియం ఖనిజం నుండి రాబట్టాడు. పోలికతో తృప్తిపడి ఉంటే ఆ మూలకం మరుగుననే ఉండిపోయేది.

ఇట్టి పరీక్షలు కేవలం మార్కుల కోసం కావు. ఫ్లోరైడ్ కలిసిన బావినీరు అద్దంవలె తేటగా ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఆ నీటినే ఏళ్ల తరబడి త్రాగిన వారికి పళ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోయాయి. నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గురించి 1937లో వైద్యులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా దీనివలన తరతరాలుగా కష్టపడింది. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్రని ద్రావణాన్ని అట్టి నీటిలో వేస్తే అది పసుపురంగుకు తిరుగుతుంది. ఇంద్రియాలకు అందని ప్రమాదాన్ని ఒక రంగు మార్పు చెప్పివేస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రామును మించరాదు; వేరే నీటివనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన శుద్ధి విధానానికి 'నల్లగొండ విధానం' అని పేరు. అందులో నీటికి పటిక, సున్నం కలుపుతారు. ఎర్రమట్టి పరీక్షలో మనం చూచిన ఆ జిగురు అవక్షేపమే ఇక్కడ ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరుతుంది. పరీక్షనాళికలోని జ్ఞానం పల్లెవాసుల కడవలోనికి చేరిన తీరు ఇది.

విద్యార్థి రికార్డు పుస్తకంలో ప్రయోగం, పరిశీలన, అనుమితి అని మూడు గడులు ఉంటాయి. చేసినది మొదటి గడిలో, చూచినది రెండవ గడిలో, వాటినిబట్టి నిర్ణయించినది మూడవ గడిలో వ్రాయాలి. రెండవ గడి నింపకుండా మూడవ గడికి దుమికేవాడు లవణాన్నే కాదు, లోకాన్ని కూడా తప్పుగా చదువుతాడు.

కఠిన పదాలు – అర్థాలు:
అవక్షేపం = ద్రావణం నుండి విడివడి అడుగుకు చేరే ఘనపదార్థం
విలీన ఆమ్లం = నీరు కలిపి పలుచన చేసిన ఆమ్లం
వర్ణపటం = కాంతి విడిపోగా ఏర్పడే రంగుల పట్టీ
అనుమితి = చూచినదానినిబట్టి చేసే నిర్ణయం

ప్రశ్నలు:
1. 'పోలిక నిరూపణ కాదు' అనే భావాన్ని పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.
2. లాటరైట్ మట్టిలో ఇనుమును, అల్యూమినియంను ఎట్లా గుర్తిస్తారు?
3. నల్లగొండ విధానాన్ని సంగ్రహంగా వివరించండి.