తడి ఆరాకే తాపీ పట్టండి

2020 అక్టోబరు 13 రాత్రి వానను హైదరాబాదు పాతబస్తీ మాదన్నపేటలో ఎవరూ మర్చిపోరు. నాలుగు రోజులు తిరక్కుండానే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్ బాబానగర్ ఇళ్లలోకి మళ్లీ నీళ్లొచ్చాయి. నీళ్లు చేరిన ఇంటికి 10 వేలు, కొంత దెబ్బతిన్న ఇంటికి 50 వేలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. లక్షతో ఇల్లు లేస్తుందా అని ఏ మేస్త్రీని అడిగినా నవ్వుతాడు.

వరద ఎక్కడొచ్చినా వరస ఒకటే. మొదటి వారం అన్నం పొట్లాలు, దుప్పట్లు. రెండో వారం ఫొటోలు. నెల తిరిగేసరికి వీధిలో బయటివాళ్లు ఎవరూ ఉండరు. గోడలు ఆరి, ఏది నిలుస్తుందో ఏది కూల్చాలో తేలేది అప్పుడే. నిజంగా చేతులు కావలసిందీ అప్పుడే.

చర్చి తరఫున ఇళ్లు కట్టే సేవకు వెళ్లాలని మీకు మనసైతే మొదటి మాట ఇది: వార్త చూసిన ఊపులో సెలవు పెట్టేయకండి. ఆ వారం డబ్బు పంపండి, సెలవు దాచుకోండి.

మన దగ్గర కొత్త సంగతి కాదు

మెదక్ చర్చిని చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ గుడి 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువు కాలంలో చుట్టుపక్కల పల్లెల జనానికి అక్కడ పని దొరికింది, ఆ పనితో కూడు దొరికింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేశాక ఇళ్లు నిలబెట్టే పనిలో కాసా లాంటి చర్చి సంస్థలూ దిగాయి, రామకృష్ణ మిషన్ కూడా దిగింది. అమెరికాలో క్రైస్తవ విశ్వాసంతో పుట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో మొదట అడుగుపెట్టింది ఖమ్మంలోనే, 1983లో. అదే ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి బొక్కలగడ్డ లాంటి బస్తీలను ముంచింది.

హ్యాబిటాట్ పద్ధతిలో ఇల్లు పొందే కుటుంబం కూడా పనిలో చెమటోడ్చాలి. 2006లో లోనావాలా దగ్గర నూరు ఇళ్లు కడుతుంటే 82 ఏళ్ల జిమ్మీ కార్టర్ వచ్చి పనిచేశారు. అమెరికా మాజీ అధ్యక్షుడైనా అక్కడ మేస్త్రీ చెప్పినట్టు వినాల్సిందే. మీరు సాఫ్ట్‌వేర్ మేనేజరైనా అంతే.

సెలవు లెక్క

తెలంగాణ షాపులు, సంస్థల చట్టం కింద ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కుగా వస్తుంది. మొత్తం సేవకే పెట్టేయకండి. ఇంట్లో పెద్దవాళ్ల ఆసుపత్రి ఖర్చులకు డబ్బు దాచినట్టే సెలవులూ కొన్ని దాచాలి. శని, ఆదివారాలు ఖాళీ ఉన్నవాళ్లు ఐదు రోజులు పెడితే తొమ్మిది రోజులు కలిసొస్తాయి. అంతకంటే తక్కువైతే పని నేర్చుకునేలోపే తిరుగు బస్సు ఎక్కాలి.

జ్వరమని అబద్ధం చెప్పి వెళ్లకండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఫోను ఎప్పుడు అందదో, మీ పని ఎవరు చూసుకుంటారో పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. కొన్ని కంపెనీలు సేవకు విడిగా సెలవు ఇస్తాయి, అడిగి చూడండి. మాదన్నపేట మండీలో హమాలీగానో, రోజుకూలీగానో బతికేవాళ్లు మాత్రం కూలి పోగొట్టుకుని దూరం పోనక్కర్లేదు. దగ్గరి బస్తీలో, పని లేని రోజున, ఒక పూట చాలు.

ఎవరితో వెళ్లాలి

ఏ జట్టుతో వెళ్లే ముందైనా ఇవి అడగండి. ఇళ్లు ఎవరికి కట్టాలో జాబితా ఎవరు చేశారు? స్థలం ఆ కుటుంబం పేరు మీదే ఉందా? ఇంజినీరు ఉన్నాడా? దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? విదేశీ డబ్బు వస్తుంటే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉందా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. ఆ ఊరి మేస్త్రీలకు, కూలీలకు రోజు కూలి ఇస్తున్నారా? వరదలో ఇల్లు పోయిన మేస్త్రీకి పని కూడా పోయి ఉంటుంది. మీరు ఉచితంగా చేసే పని అతని నోటి దగ్గర కూడు తీసేదైతే అది సేవ అనిపించుకోదు. మెదక్‌లో వందేళ్ల కిందట తెలిసిన ఈ సంగతి ఇప్పుడు మర్చిపోతే ఎలా? మంచి జట్టులో మేస్త్రీ పని ఊరివాళ్లదే, దానికి కూలి ఉంటుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు చేతి సాయం చేస్తారు.

అమెరికా నుంచి అన్నయ్యో, పిన్ని కొడుకో మీతో వస్తానంటే ఒక జాగ్రత్త. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు మిషనరీ పని చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని కేంద్రం 2021 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉంది. టికెట్ కొనేముందే ఆ సంగతి తేల్చుకోమనండి.

ఒళ్లు, సామాను

ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే వెళ్లేముందే మళ్లీ వేయించుకోండి. వరద బురదలో తుప్పు మేకులుంటాయి, ఎలుకల మూత్రం వల్ల సోకే జ్వరాల భయముంటుంది. కాళ్లకు పుండ్లుంటే ఆ నీళ్లలోకి దిగకండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే వరద నీళ్లలో తిరిగానని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట చికిత్స దారినే మార్చవచ్చు.

దట్టమైన అడుగున్న బూట్లు, రబ్బరు గ్లౌజులు, టోపీ, రెండు జతల పాత బట్టలు చాలు. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. వట్టి చేతులతో మాలు కలపడం పౌరుషం కాదు. సిమెంటు బస్తా 50 కిలోలుంటుంది, కుర్చీలో కూర్చుని పనిచేసే నడుము దాన్ని ఒంటరిగా ఎత్తకూడదు. ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా మునిగిన ఇంట్లో స్విచ్చులు ముట్టుకోకండి.

పనిలో మీ చోటు

తొలిరోజే తాపీ అడగకండి. ఇసుక జల్లెడ పట్టడం, ఇటుకలు తడపడం, గమేళాలు అందించడం మీ పని. మీరు కట్టిన వంకర గోడను మీరు వెళ్లాక మేస్త్రీ పడగొట్టి మళ్లీ కడితే, ఆ సిమెంటు ఖర్చు మీ సేవ ఖాతాలోదే.

బయటి జట్లు ఎక్కువగా వదిలేసేది క్యూరింగ్. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. మీ జట్టు తొమ్మిదో రోజున బస్సెక్కేస్తే ఆఖర్న కట్టిన గోడకు నీళ్లు కొట్టేదెవరు? ఆ పని ఎవరిదో, దానికి కూలి ఎంతో తేల్చి వెళ్లండి. ఇసుక మీద ఇల్లు, బండ మీద ఇల్లు కథ ప్రతి చర్చిలో చెబుతారు. పునాది తవ్వినవాడికి మాత్రం ఆ కథలో క్యూరింగ్ కూడా ఉందని తెలుస్తుంది.

బరువు ఎత్తలేనివాళ్లు చేయగల పని కూడా బోలెడుంది. నీళ్లలో పోయిన ఆధార్ కార్డు, పట్టా కాగితం, బ్యాంకు పుస్తకం మళ్లీ తెప్పించడం, పరిహారం దరఖాస్తు నింపడం. గుమాస్తాకు అరగంటలో అయ్యే పని ఒక ముసలమ్మకు ఆఫీసుల చుట్టూ నెల రోజుల తిరుగుడు తప్పిస్తుంది.

దేవుడి మాట

ఇది చాలామందికి ఇబ్బంది పెట్టే చోటు, కాబట్టి నేరుగా చెబుతాను. 1994లో రెడ్‌క్రాస్‌తో కలిసి సహాయ సంస్థలు ఒక నియమావళి రాసుకున్నాయి. కారిటాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ చర్చిల మండలి అందులో ఉన్నాయి. సాయం అవసరాన్ని బట్టే అందాలి, దాన్ని ఏ మత వాదాన్నీ ముందుకు తోయడానికి వాడకూడదని అందులో ఉంది. అంటే ఇటుకతో పాటు కరపత్రం ఇవ్వకూడదు. ప్రార్థన మీ జట్టు బసలో చేసుకోండి. ఇంటివాళ్లు అడిగితే ఎందుకొచ్చారో నిజం చెప్పండి, అడక్కపోతే పని చేయండి.

పాతబస్తీలో ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. మనం ఈద్గా పక్కన, గుడి పక్కన పెరిగినవాళ్లం. ముస్లిం ఇంట్లో గోడ కడుతుంటే పెద్దావిడను "ఖాలా" అని పిలవండి. వంటిల్లు ఎటు కావాలో, పరదా ఎక్కడ కట్టుకుంటారో ఆమెనే అడగండి. నమాజు వేళ మాలు కలిపే మిషను ఆపండి. రంజాను అయితే టీ తాగడానికి పక్కకు వెళ్లండి. ఫొటో తీయాలంటే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. కూలిన ఇంటి ముందు నిలబడిన మనిషికి కూడా పరువుంటుంది.

తిరిగొచ్చాక

చందా ఇచ్చి పన్ను మినహాయింపు రసీదు తీసుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు. పాత విధానంలో కూడా 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు వర్తించదు. ఆఫీసులో పెద్ద ఉపన్యాసాలు వద్దు. మీ బదులు పని చూసిన సహోద్యోగికి సెలవు అవసరమైనప్పుడు మీరు ఆదుకోండి, అదే మీ సాక్ష్యం.

వచ్చే వానాకాలంలో ఎక్కడో ఒక చోట నీళ్లొస్తాయి. ఆ రోజు చేతనైనంత డబ్బు పంపండి. క్యాలెండరు తీసి జనవరిలో తొమ్మిది రోజులు గీత గీసి పెట్టుకోండి. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయి ఉంటాయి, ఇటుకలు వచ్చి ఉంటాయి. వెళ్లాల్సింది అప్పుడే.