క్రైస్తవ మతమున గ్రంథ ప్రామాణ్యము

క్రైస్తవులకు ధర్మవిషయమున పరమ ప్రమాణమేది? మతసంఘమా, గురుపీఠమా, లేక గ్రంథమా? ఇది శుష్కవాదము కొఱకు బుట్టిన ప్రశ్న కాదు. దీనికి బ్రత్యుత్తరము చెప్పుటలో ననేకులు ప్రాణములనే యర్పించిరి. కావున పాఠక మహాశయులు నిష్పక్షపాత బుద్ధితో నీ విషయమును విచారింపవలెనని వేడుచున్నారము.

బైబిలు ఏకగ్రంథమువలె గానవచ్చినను, వాస్తవమున ననేక గ్రంథముల సంపుటము. ప్రొటెస్టెంటుల గణన ననుసరించి పాత నిబంధనమున 39, క్రొత్త నిబంధనమున 27, వెరసి 66 గ్రంథములు గలవు. రోమను కాథలికులు 73 గ్రంథముల నంగీకరింతురు. ఏసుక్రీస్తు స్వయముగా నే గ్రంథమును వ్రాసియుంచలేదు. ఆయన బోధయు, చరితమును తరువాతివారికి శిష్యపరంపర వ్రాతల మూలముననే విశేషముగా దెలియవచ్చినవి. గ్రంథమునకు వారిలో నింత ప్రాధాన్యము గలుగుట కిదియే ముఖ్యకారణము.

మధ్యయుగమున పశ్చిమ ఐరోపా దేవాలయములలో నీ గ్రంథము లాటిను భాషయందు జదువబడుచుండెను. సామాన్యజనులలో బెక్కురకా భాష తెలియదు. మతాధికారి చెప్పినదే వారికి శాస్త్రము. ఇట్టి స్థితిలో జర్మను దేశీయుడగు మార్టిన్ లూథరు 1517వ సంవత్సరమున పాపపరిహార పత్రముల విక్రయమును ఖండించెను. 1521లో వర్మ్సు నగర సభయందు ఐదవ చార్లెసు చక్రవర్తి యెదుట నిలిచి, గ్రంథప్రమాణము చేతనో, స్పష్టమైన యుక్తి చేతనో తన దోషము నిరూపింపబడినగాని తన వ్రాతలను మరలించుకొననని పలికెను. పిమ్మట వార్ట్‌బర్గు కోటలో దాగియుండి క్రొత్త నిబంధనమును గ్రీకునుండి జర్మను భాషకు మార్చెను. అది 1522లో ముద్రితమయ్యెను. ఇంగ్లీషున 1526లో క్రొత్త నిబంధనమును ముద్రింపించిన విలియం టిండేలు, మతద్రోహియని 1536లో మరణదండనము పొందెను.

అయినను గ్రంథమొక్కటే ప్రమాణమన్నంత మాత్రమున వివాదము తీరదు. న్యాయవాద వృత్తియందున్న మేమీ సంగతిని నిత్యము గాంచుచున్నారము. దస్తావేజొక్కటియే, ఉభయపక్షముల వారును దానినే చూపుదురు, అర్థము మాత్రము వేఱు. 1529లో మార్బర్గునందు లూథరును, జ్వింగ్లీయు సమావేశమైరి. రొట్టెను గూర్చి క్రీస్తు పలికిన యొక చిన్న వాక్యమును లూథరు యథార్థముగా గ్రహింపవలెననెను. జ్వింగ్లీ అది సూచకమాత్రమనెను. ఇరువురును గ్రంథమునే నమ్మినవారు. ఇరువురును ఏకీభవింపలేకయే విడిపోయిరి. 1546లో ట్రెంటు మహాసభ, గ్రంథముతో పాటు అపొస్తలులనుండి వచ్చిన సంప్రదాయమును సమగౌరవముతో నంగీకరింపవలెననియు, అర్థనిర్ణయాధికారము సంఘమునకే కలదనియు శాసించెను.

ఈ రెండు పక్షములందును సత్యాంశము గలదు. వ్యాఖ్యాతలేని గ్రంథము కలహమునకు మూలము కావచ్చును. గ్రంథమును దాచిన వ్యాఖ్యాత ప్రజలకు బ్రభువగును. ఈ రెండవ కీడే గొప్పదని మా యభిప్రాయము. దస్తావేజు నకలు నీయక విచారణ జరుపుచోటును న్యాయస్థానమందుమా? 1965లో రెండవ వాటికను మహాసభయు, విశ్వాసులందఱికి గ్రంథము ధారాళముగా నందుబాటున నుండవలెనని యంగీకరించెను. నాలుగు శతాబ్దముల వివాదమున నిది స్వల్పఫలము కాదు.

కావున సోదరులారా, ఏ మతగ్రంథము విషయముననైనను పండితుని వ్యాఖ్యానమును వినయముతో వినుడు. వినిన పిదప మూలమును మీరే చదువుడు. చదువుట మీ హక్కు. విచారించి గ్రహించుట మీ ధర్మము.