శంషాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి: కిలోమీటర్లు వేరు, గంటలు వేరు

పిల్లల దగ్గరికి మొదటిసారి అమెరికా బయల్దేరే మా వయసు వాళ్ళు అడిగేది ఒకటే: "ఎంత దూరం, ఎన్ని గంటలు?" దూరం తెలిస్తే గంటలు తెలిసిపోతాయనుకుంటారు. తెలియవు.

1. గోడమీది మ్యాపు చూసి దూరం అంచనా వేయకండి. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి దారం బిగించి పట్టండి. అది ఉత్తర ధ్రువం వైపు బాగా పైకి వంగి పోతుంది. ఆ లెక్కన సుమారు 13,500 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి విమానం తెచ్చింది ధ్రువ ప్రాంతం మీదుగానే.

2. దుబాయ్‌లో విమానం మారితే మొదట 2,500, తర్వాత 13,000 కిలోమీటర్లు. అంటే రెండు వేలు అదనం. దానికి బెంగపడకండి, జెట్ విమానానికి అది రెండున్నర గంటల పని. మధ్యలో ఎన్ని గంటలు కూర్చోవాలో అది చూసుకోండి. చవకని పన్నెండు గంటల మజిలీ ఉన్న టికెట్ కొనే కొడుకులున్నారు, వాళ్ళకింకా నడుం నొప్పి తెలీదు. అలాగని గంటలో మారేదీ వద్దు. మూడు గంటలైతే మేలు. వీల్‌చైర్ కావాలని టికెట్ కొనేటప్పుడే చెప్పించండి, మొహమాటం వద్దు.

3. గాలిని మరవకండి. పైన పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి వీస్తుంటుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది. మన ఆర్టీసీ బస్సులో ఈ వింత జరగదు!

4. టికెట్ మీద ఉండేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు మధ్యాహ్నం 1కి దిగుతారని ఉంటే, తొమ్మిది గంటల ప్రయాణమని మురిసిపోకండి. వేసవిలో కాలిఫోర్నియా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. అది కలిపితే ఇరవై ఒకటిన్నర. చలికాలంలో వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, తేడా పదమూడున్నర అవుతుంది. షుగర్, బీపీ మాత్రలు ఎన్ని గంటలకొకటి వేసుకోవాలో డాక్టరునడిగి కాగితం మీద రాయించుకోండి.

5. పక్కింటివాళ్ళ పాత లెక్క పనికిరాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే విమానాలు కొన్ని ఇంధనం కోసం ఐరోపాలో దిగాల్సివచ్చింది.

6. గంటలు ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టండి. ఖమ్మం నుంచి శంషాబాద్‌కి కారులో నాలుగైదు, అక్కడ ముందుగా మూడు, అవతల దిగాక ఇమిగ్రేషన్ వరుస, పెట్టెలు. అన్నీ కలిపి ముప్పై దాకా అవుతుంది. అబ్బాయిని విమానం దిగే టైముకి కాక, గంటన్నర ఆగి రమ్మనండి. పార్కింగ్ డబ్బులు మిగులుతాయి.