నీటి కింద ఎంగిలి: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వచ్చే నెల అండమాన్ వెళ్తున్నాం. హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేసి తీరాలని పిల్లల పట్టుదల. నాకేమో చిన్నప్పటి నుంచీ ఎంగిలి పట్టింపు. మంచినీళ్ళు కూడా గ్లాసు ఎత్తిపట్టి తాగే ఇల్లు మాది. పొద్దుటి నుంచి ఎంతోమంది నోట్లో పెట్టుకున్న గొట్టాన్ని మేమూ పెట్టుకోవాలా? వాళ్ళు వదిలిన గాలినే మేమూ పీలుస్తామా?
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ముందు గాలి సంగతి చెప్తానమ్మా. సిలిండర్‌లోకి ఎవరి ఊపిరీ తిరిగి వెళ్ళదు. అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు గానీ, మామూలు డైవింగ్‌లో అందులో ఉండేది మనం పీల్చే గాలే. దాన్ని కంప్రెసర్‌తో దాదాపు 200 బార్ ఒత్తిడికి నింపుతారు. మీరు పీల్చినప్పుడు వాల్వు తెరుచుకుని గాలి వస్తుంది. వదిలినప్పుడు పలచటి రబ్బరు రేకు ఒకటి తెరుచుకుని, ఆ ఊపిరి బుడగలుగా సముద్రంలోకి పోతుంది. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ తయారుచేసిన డైవింగ్ పరికరంలోనూ ఊపిరి ఇలా బయటికే పోయేది.

ఇక ఎంగిలి సంగతి. మీ పట్టింపు సబబే. సిలిండర్ గాలిని మనకు అందించే రెగ్యులేటర్‌లో నోటి దగ్గరుండే భాగాన్ని సెకండ్ స్టేజ్ అంటారు. దానికి సిలికాన్ మౌత్‌పీస్ తగిలించి ఉంటుంది. మీకిచ్చినప్పుడు ఒక్కసారి వెలుతురులో తిప్పి చూడండి. పళ్ళ మధ్య కరిచి పట్టుకునే రెండు చిన్న బిళ్ళలు కనిపిస్తాయి. పాతదైతే వాటి మీద పంటిగాట్లుంటాయి. ఆ గాట్లలో ఉమ్మి చేరితే పైపైన కడిగినా పోదు. గొట్టం మొదట్లో నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. తడి ఆరకుండా సంచిలో పెట్టి మూసేస్తే వచ్చేది అదే. అలాంటిది ఇస్తే మొహమాటపడకుండా మార్చమనండి.

‘ఉప్పునీళ్ళలో ముంచాం కదా, క్రిములన్నీ చస్తాయి’ అనే మాట పడవల మీద చాలాసార్లు విన్నాను. చావవు. నేను డైవింగ్ నేర్చుకున్న చోట ఒకే ఒక నీలం డ్రమ్ము ఉండేది. మాస్కులు, బూట్లు, రెగ్యులేటర్లు అన్నీ అందులోనే ముంచేవాళ్ళు. మధ్యాహ్నానికి నీళ్ళ మీద జిడ్డు తేలేది. ఆ డ్రమ్ములోంచి తీసిన మౌత్‌పీస్‌నే నా నోట్లోనూ పెట్టుకున్నాను. అడగొచ్చని అప్పుడు నాకు తెలియదు. మీరు అడగండి. మౌత్‌పీస్‌లను వేరే టబ్బులో, క్రిమిసంహారక మందు కలిపిన నీళ్ళలో నానబెడతారా? ఎంతసేపు? ఇలా ముంచి అలా తీస్తే మందు పనిచేయదు. ఎంతసేపు నానాలో డబ్బా మీద రాసి ఉంటుంది, కొన్నింటికి పది నిమిషాలు పడుతుంది. తర్వాత మంచినీళ్ళతో బాగా కడగాలి, లేకపోతే ఆ మందు ఘాటు మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మీ కళ్ళముందే మౌత్‌వాష్ చల్లి తుడిచిస్తే వాసన బాగుంటుంది, అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు.

ఇంకో తేలిక దారి ఉంది. రెగ్యులేటర్ మొత్తం కొనాలంటే వేలల్లో మాట గానీ, మౌత్‌పీస్ ఒక్కటీ విడిగా దొరుకుతుంది. చాలా రెగ్యులేటర్లకు సరిపోయే రకాలున్నాయి. ఇంటిల్లిపాదికీ తలా ఒకటి కొని పట్టుకెళ్ళండి. పాతదాని జిప్ టై కత్తిరించి, మీది తొడిగి, కొత్త జిప్ టై బిగించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ పని మాత్రం ఇన్‌స్ట్రక్టర్ చేతే చేయించండి. టై వదులైతే నీళ్ళలో మౌత్‌పీస్ ఒక్కటే పళ్ళ మధ్య మిగులుతుంది.

ప్రశ్న: రెగ్యులేటర్ ద్వారా హెచ్‌ఐవీ, క్షయ లాంటివి వస్తాయా?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: హెచ్‌ఐవీ ఉమ్మి వల్ల సోకదు. క్షయ ఎంగిలి వల్ల రాదు, రోగి దగ్గినప్పుడు గాలిలో కలిసే క్రిముల వల్ల వస్తుంది. ఆలోచించాల్సింది జలుబు, ఫ్లూ, కోవిడ్, పెదవి మీద నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్ గురించి. మాస్కునూ మరిచిపోవద్దు. అద్దం మసకబారకుండా అందులో ఉమ్మి రుద్దడం డైవర్లకు పాత అలవాటు. సొంత మాస్కైతే మీ ఇష్టం, అద్దె మాస్కులో వద్దు. ఒక చుక్క బేబీ షాంపూ రుద్ది కడిగితే చాలు.

ప్రశ్న: రుషికొండలో డైవింగ్ కోర్సుకి డబ్బు కట్టాను. ఈలోగా పెదవి అంచున పొక్కులు లేచాయి, కాస్త జలుబు కూడా ఉంది. డబ్బు పోతుందని దిగులు. మాత్ర వేసుకుని దిగొచ్చా? నీళ్ళలో ఒకరి గాలి ఒకరు పంచుకోవడం కూడా నేర్పుతారట, అదీ భయంగానే ఉంది.
- ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: దిగొద్దు. పొక్కులున్నప్పుడు ఆ వైరస్ ఎదుటివాళ్ళకు తేలిగ్గా అంటుకుంటుంది. మీ తర్వాత అదే మౌత్‌పీస్ పెట్టుకునే వాళ్ళకు మీకు పొక్కులున్న సంగతి తెలియదు కదా. పెచ్చు రాలి చర్మం మామూలయ్యేదాకా ఆగండి. జలుబు మీకూ ప్రమాదమే. ముక్కు మూసుకుపోతే చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోలేరు, కర్ణభేరి దెబ్బతినొచ్చు. మాత్ర ప్రభావం నీళ్ళలో ఉండగానే తగ్గితే, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది. ఇన్‌స్ట్రక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి మరో తేదీ అడగండి.

గాలి పంచుకోవడం గురించి భయం వద్దు. వెనకటికి ఒకే రెగ్యులేటర్‌ని ఇద్దరు మార్చిమార్చి నోట్లో పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ప్రతి డైవర్ దగ్గరా రెండో సెకండ్ స్టేజ్ ఉంటుంది. దాన్ని ఆక్టోపస్ అంటారు, ఎక్కువగా పసుపు రంగులో ఉంటుంది. మీ గాలి అయిపోతే తోటి డైవర్ దాన్నే అందిస్తాడు. నిజంగా ఆపద వస్తే మాత్రం అది ఎవరి నోట్లోంచి వచ్చిందని చూడకండి, అందుకుని ఊపిరి పీల్చండి. మామూలు రోజుల్లో ఎవరూ నోట్లో పెట్టుకోరని ఆక్టోపస్‌ను కడగడం చాలామంది మానేస్తారు. అదేమో పక్కన వేలాడుతూ ఇసుకలో ఈడ్చుకుపోతుంటుంది. పడవ దిగకముందే దాన్నీ శుభ్రంగా కడిగించి, రెండుసార్లు ఊపిరి పీల్చి చూసుకోండి.