దారం లేని పతంగి
(రేడియో నియంత్రిత క్రీడా విమానాలు – ఒక అభిరుచి)

సంక్రాంతి రోజులలో హైదరాబాదు పాతనగరపు మిద్దెలపై నిలిచి చూచినవారికి పతంగుల సంబరం ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. చిన్నా పెద్దా భేదం లేకుండా అందరి చూపూ ఆకాశం వంకనే ఉంటుంది. పైనున్న గాలి బలమెంతో, పతంగి ఎటు వంగుతున్నదో వేలిమీది మాంజా క్షణక్షణం చేతికి తెలియజేస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఆ దారాన్ని తీసివేసినట్లు ఊహించండి. పతంగికి బదులు రెక్కలు, తోక, ఇంజను గల చిన్న విమానం. దారానికి బదులు కంటికి కనిపించని రేడియో తరంగం. నేలమీద నిలిచిన మనిషి చేతిలోని చిన్న పెట్టెతో దానిని ఎగిరించి, గిరికీలు కొట్టించి, తిరిగి తన ముందుకే దించుకుంటాడు. ఇదే రేడియో నియంత్రిత విమానాల క్రీడ.

నెలల తరబడి శ్రమించి చేసిన వస్తువు ఒక్క క్షణంలో నేలపాలయ్యే ఈ ఆటలో పెద్దవారికి సైతం ఏమి ఆకర్షణ అని అడిగేవారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నమూనాలే ముందు పుట్టినవి

మానవుడు ఎగరాలని కలలుగనడం కొత్త కాదు. మన కథలలో పుష్పక విమానం ఉన్నది. ఉర్దూ కథలలో ఉడన్ ఖటోలా ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కొర్డోబా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు రెక్కలు కట్టుకొని కొంత దూరం ఎగిరి, దిగేటప్పుడు గాయపడినట్లు అల్ మక్కరీ అనే చరిత్రకారుడు తరువాతి కాలంలో వ్రాశాడు. పక్షి తోక సాయంతో దిగుతుందన్న సంగతి గమనించక, ఆయన తనకు తోక అమర్చుకోలేదని ఆ చరిత్రకారుని వ్యాఖ్య.

ఆ తోక విలువ స్పష్టంగా చూపినది ఒక బొమ్మ విమానమే. 1871లో అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలిపెట్టిన రబ్బరు పట్టీ బలంతో తిరిగే చిన్న విమానాన్ని పారిస్ నగరంలోని ఉద్యానవనంలో ఎగిరించాడు. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు సాగింది. తోక రెక్క వలన అది తనంతట తాను సమతూకం నిలుపుకున్నది. పెనో చేసిన మరొక బొమ్మ, రబ్బరుతో పైకి లేచే హెలికాప్టరు, 1878లో అమెరికాలో ఇద్దరు చిన్నపిల్లల చేతికి వచ్చింది. తండ్రి తెచ్చి ఇచ్చిన ఆ బొమ్మతో ఆడుకున్న పిల్లలే విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులు. 1896లో శామ్యూల్ లాంగ్లీ ఆవిరి యంత్రంతో నడిచే మనిషి లేని విమానాన్ని పొటోమాక్ నదిపై సుమారు ఒక కిలోమీటరు ఎగిరించాడు. రైట్ సోదరుల 1903 విజయం అటుపిమ్మటనే వచ్చింది. కాబట్టి నమూనా విమానం పెద్ద విమానానికి అనుకరణ కాదు, దానికి అన్నగారు.

రేడియో తోడయిన కథ

తీగ లేకుండా యంత్రాన్ని నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో చిన్న పడవ ద్వారా చూపించాడు. ఆ విద్యను బొమ్మ విమానానికి ఎక్కించడం సులభం కాలేదు. ఆనాటి రేడియో పరికరాలు, వాటి బ్యాటరీలు బరువైనవి. అమెరికాలోని కాలమజూ పట్టణానికి చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో ఈ పని సాధించారు. ఒకరికి విమానాలపై మక్కువ, మరొకరికి రేడియోపై మక్కువ. వారు ‘గఫ్’ అని పేరు పెట్టుకున్న ఆ విమానం నేడు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థవారి విమాన ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

తొలినాళ్ళ యంత్రాలలో మీట నొక్కితే చుక్కాని పూర్తిగా ఒక ప్రక్కకు తిరిగేది, లేదా మధ్యకు వచ్చేది. కొంచెం తిప్పడమన్నది లేదు. 1960 తరువాతి దశాబ్దంలో చేతికర్ర ఎంత కదిలితే విమానంలోని పలక అంతే కదిలే ‘ప్రపోర్షనల్’ పద్ధతి స్థిరపడింది. అప్పటినుండి ఇది యంత్రాన్ని మీట నొక్కి నడిపే ఆటగా కాక, సితారు తీగను మీటినట్లు చేతి నేర్పుతో కూడిన విద్య అయింది.

క్రీడా విమానం అనగా ఏమి?

నమూనా విమానాలలో పలు జాతులు కలవు. నేర్చుకొనేవారి విమానానికి రెక్క పైభాగాన ఉండి, అంచులు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. చేయి వదలితే అది తనంతట తాను సరిపడుతుంది. అసలు విమానాన్ని అచ్చుగుద్దినట్లు చేసేవి స్కేలు నమూనాలు. పోటీలకు మాత్రమే ఉద్దేశించినవి మరికొన్ని. వీటి మధ్యనున్నది క్రీడా విమానం. దీని రెక్క పైననూ క్రిందనూ ఇంచుమించు ఒకే వంపుతో ఉంటుంది. అందువలన తలక్రిందులుగానైనా ఎగరగలదు. దేనికీ నకలు కాదు, ఏ బహుమతికీ నియమితం కాదు. ఆదివారం ఉదయం మైదానంలో కేవలం ఆనందం కొరకు ఎగిరించేది ఇదే.

సాధారణమైన క్రీడా విమానపు రెక్కల పొడవు ఆ కొస నుండి ఈ కొసకు నాలుగైదు అడుగులు. బరువు రెండు కిలోల ప్రాంతం. దీనికి వాడే బాల్సా కర్ర దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశం నుండి ఎక్కువగా వస్తుంది. ఈ కర్ర ఎంతో తేలిక, కాని బరువుకు తగినదానికంటే ఎక్కువ గట్టిది. విమానంలో ఒక రిసీవరు, దాని ఆజ్ఞలను పాటించే సర్వో అనే చిన్న మోటార్లు, ఒక బ్యాటరీ ఉంటాయి. చేతిలోని ట్రాన్స్‌మిటరుకు రెండు కర్రలు. వాటితో నాలుగు పనులు జరుగుతాయి: ఎలెరాన్లు విమానాన్ని ప్రక్కలకు వంచుతాయి, ఎలివేటరు ముక్కును ఎత్తి దించుతుంది, చుక్కాని ముక్కును కుడి ఎడమలకు త్రిప్పుతుంది, థ్రాటిల్ ఇంజను వేగాన్ని మారుస్తుంది.

పూర్వం ఇంజన్లు మిథనాలు, నూనె కలిసిన ఇంధనంతో నడిచేవి. 1947లో రే ఆర్డెన్ ప్రవేశపెట్టిన గ్లో ప్లగ్ వాటిని చాలా తేలిక చేసింది. ఒకసారి వేడెక్కిన ప్లాటినం తీగ ఇంజను నడిచినంతసేపూ ఎర్రగా ఉండి ఇంధనాన్ని మండించడం దానిలోని విశేషం. అటువంటి ఇంజన్లు నేటికీ ఉన్నవి గాని, లిథియం బ్యాటరీతో నడిచే విద్యుత్ మోటార్లే ఇప్పుడు ఎక్కువ. పూర్వం ఒకే మైదానంలో ఇద్దరు ఒకే రేడియో ఛానెలు తెరిస్తే విమానం కూలిపోయేది. అందుకే ఛానెలు సంఖ్య వ్రాసిన క్లిప్పును బోర్డు మీదనుండి తీసుకున్నవారికే ట్రాన్స్‌మిటరు తెరిచే హక్కు ఉండేది. 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతి రావడంతో ఆ భయం చాలావరకు తొలగింది.

నడుపుటలోని కష్టం, సుఖం

పైలటు తన విమానంలో కూర్చొని ఉంటాడు. విమానం జారితే అతని శరీరానికి తెలుస్తుంది. పతంగి ఎగిరించేవానికి దారం చెబుతుంది. రేడియో విమానం నడిపేవానికి ఈ రెండూ లేవు. చేతికర్ర ద్వారా గాలి బరువు ఏమాత్రం తెలియదు. ఉన్నది కన్ను ఒక్కటే.

అన్నింటికంటె పెద్ద చిక్కు, విమానం మనవైపు తిరిగినప్పుడు వస్తుంది. అప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. అలవాటు లేని చేయి తప్పక పొరబడుతుంది. దీనికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం ఒకటి కలదు. ఎదురుగా వచ్చే విమానపు ఏ రెక్క క్రిందికి వాలితే, కర్రను ఆ వైపుకే కదపవలెను. వాలిన రెక్క క్రింద ఆనిక పెట్టినట్లు భావించవలెను. కొంతకాలానికి ఈ ఉపాయం కూడా అవసరం ఉండదు. మనిషి నేలమీద ఉంటూనే మనసుతో విమానంలోకి వెళ్ళి కూర్చుంటాడు. ఈ విద్యలోని అసలు ఆనందం అక్కడ మొదలవుతుంది.

ఎగిరించడం కంటె దించడం కష్టం. వేగం తగ్గించి, ముక్కును మరీ ఎత్తితే రెక్కమీది గాలి ప్రవాహం చెదరి విమానం రాయివలె పడుతుంది. వేగం ఎక్కువైతే మైదానం చాలదు. అందుచేతనే శిక్షణకు రెండు ట్రాన్స్‌మిటర్లను జతచేసే పద్ధతి ఉన్నది. గురువు మీట నొక్కి ఉంచినంతసేపు విమానం శిష్యుని వశం. ప్రమాదం తోచగానే గురువు వేలు తీస్తే అది గురువు వశం.

పగిలిన రెక్క నేర్పిన పాఠం

విద్యార్థి దశలో ఈ వ్యాసకర్త ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరి ఈ విద్యను కొంత అభ్యసించడం జరిగింది. మూడు నెలల సాయంకాలాలు వెచ్చించి చేసిన మొదటి విమానం పట్టుమని రెండు నిమిషాలు ఎగరలేదు. ఎదురుగా వస్తున్న విమానానికి ఎడమ అనుకొని కుడి ఇచ్చాను. కన్ను మూసి తెరిచేలోగా అది నేలను తాకింది. తోటి విద్యార్థులు నవ్వలేదు. అదే మరింత బాధ కలిగించింది. ముక్కలను అక్కడే వదలి వెళ్ళబోతుంటే మా శిక్షకుడు పిలిచి, “ఒక్క పుల్ల కూడా పారవేయకు బాబూ. విరిగిన చోటనే నీ పాఠం ఉన్నది” అన్నారు.

ఇద్దరమూ కూర్చొని ముక్కలను వరుసగా పేర్చాము. తప్పు నా చేతిది మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. బ్యాటరీని వెనుకకు అమర్చినందున బరువు కేంద్రం రెక్క మధ్యకు జరిగిపోయింది. అది రెక్క ముందు అంచు నుండి వెడల్పులో నాల్గవ వంతు, మూడవ వంతుల మధ్య ఉండవలసినది. ముక్కు బరువైన విమానం మందంగా ఎగురుతుంది, తోక బరువైన విమానం ఒక్కసారే ఎగురుతుంది అనే మాట ఈ విద్యలో అందరికీ తెలిసినదే. నాకు మాత్రం ఆనాడు తెలిసింది. పరీక్షలో తప్పు వ్రాస్తే మార్కులు పోతాయి. కారణం చాలాసార్లు తెలియదు. ఇక్కడ తప్పు కర్ర ముక్కల రూపంలో చేతికి వస్తుంది. దానిని కాదనడానికి లేదు, ఇంకొకరి మీద వేయడానికీ లేదు. నెలరోజులకు అదే విమానం అతుకులతో మళ్ళీ ఎగిరింది. దిగింది కూడ.

ఒక వృద్ధుని విమానం

ఈ ఓర్పు ఎంతదూరం పోగలదో 2003లో ప్రపంచం చూచింది. మేనార్డ్ హిల్ అనే అమెరికను వయోవృద్ధునికి చూపు దాదాపు పోయింది, వినికిడి కూడ బాగా తగ్గింది. చేతివ్రేళ్ళ స్పర్శతో బాల్సా కర్రను సరిచూచుకుంటూ, మిత్రుల సాయంతో ఆయన అట్లాంటిక్ సముద్రాన్ని దాటగల నమూనా విమానాలు నిర్మించాడు. ముందు పంపినవి సముద్రంలో కలిసిపోయినవి. ఆయన నిరాశ పడలేదు. 2003 ఆగస్టులో న్యూఫౌండ్‌లాండ్ తీరం నుండి మరొకదానిని చేతితో గాలిలోకి విసిరాడు. సముద్రంమీద ఉపగ్రహాల సూచనలను అనుసరించి అది తనంతట తాను సాగింది. 38 గంటల 52 నిమిషాల తరువాత, సుమారు 3,030 కిలోమీటర్ల దూరాన ఐర్లండు తీరంలో వేచియున్న మిత్రులు రేడియో సాయంతో దానిని దించారు. ఇంధనంతో సహా దాని బరువు 5 కిలోలకు మించలేదు. తయారుచేసిన చేతులకు దానిని స్పష్టంగా చూచే కన్నులు లేవు. అయినా అది గమ్యం చేరింది.

ప్రారంభించదలచినవారికి

ఈ అభిరుచి ఖర్చుతో కూడినదన్న మాట నిజం. కాని ఆరంభం ఇంజనుతోనే కానక్కరలేదు. చేతితో విసిరే బాల్సా గ్లైడరు చాలు. బరువు కేంద్రం, తోక ప్రాముఖ్యం అదే నేర్పుతుంది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో ఏరో మోడలింగు శిక్షణాంశమై ఉన్నందున, అందులో చేరిన విద్యార్థికి పరికరాల కొరత కొంత తీరుతుంది.

జాగ్రత్తలు మాత్రం మరువరాదు. తిరిగే ప్రొపెల్లరు వ్రేళ్ళను కోయగలదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అంటుకొనే ప్రమాదం ఉన్నది. ఎగిరించే ముందు ప్రతి పలకా సరైన దిక్కుకే కదులుతున్నదా అని చూచుకోవలెను. జనం తలలమీదుగా ఎన్నడూ ఎగిరించరాదు. మన దేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు వినోదానికి, విద్యకు వాడే నమూనా విమానాలను కూడ ప్రత్యేకంగా పేర్కొన్నవి. వాటిని కంటిచూపు మేరలోనే నడపవలెను. విమానాశ్రయాల సమీపమువంటి నిషిద్ధ ప్రాంతాలను ముందుగా తెలుసుకొనవలెను.

ముగింపు

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును. ఈ క్రీడ ఆకర్షణ ఎగరడంలో సగమే ఉన్నది. మిగిలిన సగం, తన చేతులతో చేసినదానిని తన చేతికి అందని చోటికి పంపి, దాని క్షేమానికి తానే బాధ్యుడై, తిరిగి నేలకు తెచ్చుకోవడంలో ఉన్నది. తెగిన పతంగి వెంట వీధి పిల్లలందరూ పరుగెత్తుతారు, అది దొరికినవానిది. దారం లేని ఈ పతంగి మాత్రం పగిలినా, నిలిచినా, చేసినవానిదే. ఆ ముక్కలను ఏరుకొని మరల కూర్చొనే ఓర్పు అలవడిన విద్యార్థికి, విమానం సంగతి ఎట్లున్నా, జీవితంలో ఉపయోగపడే విద్య ఒకటి లభించినట్లే.